షట్టర్ లోపల విమానాల ఆట

ఎనుమాముల మార్కెట్ యార్డుకు పొయ్యే తొవ్వల, లారీల కాంటా దాటినంక, ఎడమ దిక్కు వరుసగ ఆరు షట్టర్లుంటయ్. అయిదిట్ల దందా నడుస్తది. ఆరోదాని ముంగట ఎవ్వలు బండి గూడ ఆపరు.

ఇరవై మూడేండ్లసంది ఆ షట్టర్ లేవంగ చూసినోళ్లు లేరు. ఎండకు రంగు పోయి, వానకు తుప్పు పట్టి, కింది అంచు మట్టిల కూరుకపోయింది. అయినా... చీకటి పడ్డంక ఒక్కోనాడు లోపలినుంచి చప్పుడొస్తది.

మనిషి చప్పుడు కాదు. ఎలుకలు, పిల్లులు అసలే కాదు.

టుయ్... టుయ్... టుయ్... ఆ ఎన్క ఢమ్మని ఒకటి. జర సేపు ఏం ఉండది. మల్ల — టుయ్... టుయ్...

ఎనుకట అది వీడియో గేముల షాపు. అండ్ల ఆడుకునే పిల్లగాడొకడు సచ్చిపోయిండని, సచ్చినా ఆట మీద పాణం పోక రాత్రిపూట వచ్చి ఆడుతాండని ఆ రోడ్డు మీద ఎవర్నడిగినా చెప్తరు. ఎదురుంగ ఛాయ్ బండి పెట్టుకున్న ఉప్పలయ్యయితే, తొమ్మిది దాటిందంటే ఆ దిక్కు మొఖం పెట్టి ఛాయ్ గూడ పొయ్యడు.

ఆ షట్టర్ కాడికి కావాల్నని రాత్రిపూట పోయినోడు ఒక్కడే. మతీన్. ఆ సంగతి విన్నది విన్నట్టు చెప్తాన.

మతీన్ కు ముప్పై ఆరేండ్లు. మడికొండల ఒక ఆఫీసుల కంప్యూటర్ పని. పొద్దంత ఆ పని చేసి, రాత్రి ఇంట్ల చిన్న గదిల కూసోని సొంతంగ ఒక గేమ్ తయారు చేస్తాండు. ఎనక కంపెనీ లేదు, పక్కన మనిషి లేడు. ఒక్కడే. దాని పేరు 'చుక్కల దండు'.

ఇప్పటి గేముల తళుకులు దాంట్ల లేవు. పాతకాలపు తీరు. నల్లటి ఆకాశం, కింద ఒక్కటంటే ఒక్క చిన్న విమానం, పైనుంచి వరుసలు వరుసలుగ దిగే దుష్మన్ ఓడలు. బొమ్మలన్ని గళ్ల కాయితం మీద గడులు నింపి గీసినట్టుంటయ్. మూడు పాణాలు. మూడు పోతే ఆట ఖతం.

అయితే ఆ ఓడలు మాత్రం ఎక్కడ చూసిన ఓడల లెక్క ఉండయ్. ఒకటి తేలు కొండి ఎత్తినట్టుంటది. ఒకటి బస్తా ఎత్తే హమాలి కొక్కెం లెక్క. ఇంకొకటి మిరపకాయ లెక్క వంకర తిరిగి, తొడిమె కాడ నిప్పులు కక్కుతది. ముందుగ కొంచెం ఆట ఇంటర్నెట్ ల పెడితే, ఎక్కడెక్కడోళ్లో ఆడి మెచ్చుకున్నరు. 'ఈ ఓడలు ఎవరు గీసిండ్రు?' అని అడిగిండ్రు.

'నేనే' అని రాసిండు మతీన్.

ఆ మాట రాసేటప్పుడు టేబుల్ సొరుగుల ఒక పాత నోట్ బుక్ ఉన్నది. అట్ట ఊడిపోయింది, కాయితాలు పచ్చగయినయ్. నీలం పెన్నుతోని గీసిన తేళ్లు, కొక్కేలు, మిరపకాయలు. ఆయన భార్య ఐమన్ ఒకనాడు సొరుగు సర్దుకుంట అడిగింది — "ఇది ఎవరిదండి?"

"నాదే. చిన్నప్పటిది."

"మీ రాత గిట్ల లేదు గదా?"

మతీన్ ఇనవడనట్టు కంప్యూటర్ దిక్కు తిరిగిండు.

శుక్రవారం నాడు గేమ్ బయటికి రావాలె. అంత అయిపోయింది గాని చప్పుళ్లే కుదరలే. ఎన్ని తీర్ల చేసినా ఉత్తగనే ఉన్నయ్. చిన్నప్పుడు ఆ షాపుల మిషన్ కు రూపాయి బిళ్ల ఏస్తే ఒక రాగం మోగేది. నాలుగు మెట్లు ఎక్కినట్టు, టి-టు-టీ-టూ... అది కావాలె. ఆ మిషన్ ఇంక ఆ షట్టర్ ల్నే ఉన్నదని ఎవరో చెప్పంగ విన్నడు. రాత్రి మోగుతదని గూడ విన్నడు.

"ఫోన్ల రికార్డు చేసుకోని వస్త" అని ఐమన్ కు చెప్పి బండి తీసిండు.

అది సగం నిజం. మిగిలిన సగం ఐమన్ కు చెప్పే ధైర్యం లేదు. ఇరవై మూడేండ్లల మతీన్ ఆ రోడ్డు మొఖం చూడలే. చుట్టాల పెండ్లికి పొయ్యేదుంటే గూడ ఊరంత చుట్టు తిరిగి పోయిండు. ఇప్పుడు 'అక్కడ దెయ్యం ఆడుతాంది' అన్న మాట విన్నప్పటిసంది, కండ్లు మూస్తే ఆ మిషన్ ముంగట ఒక పిల్లగాడు నిలవడి కనవడుతాండు.

ఆ పిల్లగాడు మొగిలి.

మొగిలి నాయిన రాజమల్లు మార్కెట్ ల హమాలి. అమ్మ యాకమ్మ. మతీన్ నాయిన జలాల్ అదే గల్లీ మూల మీద బట్టలు కుట్టేటోడు. పోరగాళ్లిద్దరిది ఒక్కటే క్లాసు, ఒక్కటే బెంచి. బడి ఇడిస్తే యాకూబ్ భాయ్ గేముల షాపుకు ఉరుకుడే. చేతుల బిళ్ల ఉంటే ఆడుడు, లేకుంటే ఆడేటోని ఎన్క నిలవడి చూసుడు. మొగిలి చూసి చూసి ఇంటికిపోయి, ఆ ఓడలు సాలవని సొంత ఓడలు గీసెటోడు. "అరే మతీన్, మనం పెద్దగయినంక ఇవి పెట్టి మనదే ఒక ఆట చేద్దాంరా" అనేటోడు. గీసినంత గీసి బుక్కు మతీన్ కాడ పెట్టిండు. ఇంట్ల నాయిన చూస్తే చింపుతడని.

ఒకనాడు మతీన్ ఇంట్లకెళ్లి గ్యాస్ పొయ్యి ముట్టించే లైటర్ ఎత్తుకొచ్చిండు. బిళ్ల ఏసే సందు కాడ దాన్ని టక్కుమనిపిస్తే మిషన్ మోసపోయి ఆట ఇస్తదని ఎవరో చెప్పిండ్రు. నిజంగనే ఇచ్చింది. నాలుగు దినాలు అట్లనే ఆడిండ్రు. మొగిలి భయపడేటోడు. "వద్దురా, యాకూబ్ భాయ్ చూస్తడు" అనేటోడు.

అయిదో దినం యాకూబ్ భాయ్ చూడనే చూసిండు. గల్ల పెట్టె కాడికెళ్లి లేచి వస్తాంటే, మతీన్ కు ముందుగాల కనవడ్డడు. పక్కకు తిరిగి, లైటర్ మొగిలి చేతుల పెట్టి —

"జర పట్టుకోరా" అన్నడు.

మొగిలి పట్టుకున్నడు. ఎందుకని గూడ అడగలే. దోస్తు ఇచ్చిండు, పట్టుకున్నడు.

"నాది కాదు భాయ్... నాది కాదు..." అని మొగిలి ఏడుస్తాంటే, యాకూబ్ భాయ్ మతీన్ దిక్కు తిరిగి అడిగిండు — "నీదా?"

మతీన్ నోరు తెరవలే. తల అడ్డంగ ఊపిండు. ఒక్కసారి... అంతే.

యాకూబ్ భాయ్ రెండు దెబ్బలేసి, మొగిలిని చెయ్యి పట్టుకోని రోడ్డంత గుంజుకపోయి, మార్కెట్ ల రాజమల్లు ముంగట నిలవెట్టిండు. "నీ కొడుకు దొంగ" అన్నడు. నలుగురి ముంగట ఇజ్జత్ పోయిన రాజమల్లు ఇంట్ల బెల్టు తీసిండు. ఆ రాత్రి మొగిలి ఇంట్లకెళ్లి ఎల్లిపోయిండు. ఏదో గూడ్స్ బండి ఎక్కిండట. రెండు దినాలకు డోర్నకల్ అవతల, పట్టాల పక్కన దొరికిండు.

పన్నెండేండ్లు.

నెల తిరగకముందే యాకూబ్ భాయ్ షాపు మూసి హైదరాబాద్ పోయిండు. ఎనక ఎన్నడు రాలే. మతీన్ వాళ్లు ఇల్లు మారి హన్మకొండ పోయిండ్రు. లైటర్ ఏదిరా అని అమ్మ అడిగితే, మతీన్ అప్పుడు గూడ తలనే ఊపిండు.

మంగళవారం రాత్రి తొమ్మిది గంటలకు మతీన్ ఉప్పలయ్య బండి కాడ ఆగిండు.

"అన్నా, ఆ షట్టర్ తాళంచెవి ఎవరి కాడుంటది?"

ఉప్పలయ్య గ్లాసులు కడుగుతాన్నోడు ఆగిండు. "ఎందుకు తమ్మీ?"

"లోపల పాత మిషన్ ఉన్నదట. దాని చప్పుడు రికార్డు చేసుకుందామని."

"సప్పుడు కోసం లోపలికి పోవుడెందుకు?" ఉప్పలయ్య గొంతు తగ్గించిండు. "జర సేపు ఈడనే నిలవడు. అదే వస్తది."

బెంచి మీద ఆటో నడిపే మహిపాల్ కూసున్నడు. "దొంగ పిల్లగాడట అన్నా" అన్నడు ఛాయ్ ఊదుకుంట. "షాపుల దొంగతనం చేసి దొరికి, రైలు కింద పడ్డడట. దొంగ పాణం గదా... అందుకే అక్కన్నే తిరుగుతాంది."

మతీన్ తాగని ఛాయ్ గ్లాసు బండి మీద పెట్టిండు.

తొమ్మిదిన్నర అయితాంది. యార్డు దిక్కు లారీలు బందయినయ్. కుక్కలు గూడ మొరుగుత లేవు. అప్పుడు...

టి-టు-టీ-టూ.

సన్నగ. దూరంగ. నీళ్ల అడుగుకెళ్లి వచ్చినట్టు.

ఉప్పలయ్య చేతుల గ్లాసు జారింది. మహిపాల్ లేచి ఆటోల కూసున్నడు. మతీన్ మాత్రం కదలలే. అదే రాగం. ఒక్క ముక్క గూడ తప్పలే. చేతుల ఫోన్ ఉన్నది, రికార్డు నొక్కాల్నన్న సోయి లేదు.

టుయ్... టుయ్... ఢమ్.

టుయ్... ఢమ్.

ఢమ్.

మూడు పాణాలు ఇట్ల పోయినయ్. మొదటి వరుసల్నే. జర సేపు నిమ్మలం... మల్ల అదే రాగం. మల్ల మొదటి వరుసల్నే సావు.

'మొగిలిగాడు మొదటి వరుసల ఎన్నడు సచ్చేటోడు కాదు' అనుకున్నడు మతీన్. 'ఆట మర్చిపోయిండా? ఇన్నేండ్లకు... చేతులు మర్చిపోయినయా?'

షాపుల ఎన్క ఒక ఇరుకు సందు ఉన్నది. చిన్నప్పుడు ఉరికిన సందే. "తమ్మీ, పోకు..." అని ఉప్పలయ్య ఎనకనుంచి అంటనే ఉన్నడు. మతీన్ మురికి మోరి దాటి, ఫోన్ లైటు కిందికి పట్టుకోని, గోడ తడుముకుంట పోయిండు.

ఎన్క రేకు తలుపు. దగ్గరికి ఏసి ఉన్నది గాని గడియ లేదు. సందులకెళ్లి సన్నటి నీలం వెలుగు... వణుకుతాంది.

మతీన్ కన్ను ఆనిచ్చి చూసిండు.

మిషన్ అదే. చెక్క డబ్బా, ఆట ఆడేతందుకు ఎర్ర గుండున్న కట్టె. దాని ముంగట ఒక ఆకారం. ఎత్తు... పన్నెండేండ్ల పిల్లగానంత. ఈపు ఇటే ఉన్నది. తల మీద జుట్టు తెల్లగ, ఇరబోసుకోని ఉన్నది.

ఆ ఆకారం తనలో తాను గునుగుతాంది.

"చెప్పురా... ఏమున్నది దీంట్ల? ఏం చూసినవ్... చెప్పు..."

మతీన్ ఉరుకుదామనుకున్నడు. లోపలినుంచి మిరపకాయ ఘాటు ఒక్కసారి ముక్కుకు కొట్టింది. ఆపుకున్నడు... ఆపుకున్నడు... ఆగలే. దగ్గు.

టుయ్ టుయ్ ఆగింది.

"ఎవలది?"

ఆకారం ఇటు తిరిగింది. చేతుల జానెడు దబ్బనం నీలం వెలుగుకు తళుక్కుమన్నది. నడుం వంగిన ముసలామె. ఎన్క గది నిండ మిరపకాయలు నింపే గోనె సంచులు... గుట్టలు గుట్టలు.

"ఎవలని అడుగుతాన!"

"నేను... మతీన్ ను. మూల మీద బట్టలు కుట్టే జలాల్ కొడుకును."

ముసలామె దగ్గరికొచ్చి మొఖంల మొఖం పెట్టి చూసింది. దబ్బనం దించింది.

"అవ్వ... మా మొగిలిగాని దోస్తువు గాదూ?"

యాకమ్మ.

మతీన్ కు సలాం చెప్పుడు గూడ రాలే. ఆమెనే చెయ్యి పట్టుకోని లోపటికి తీస్కపోయి సంచుల మీద కూసోబెట్టింది. ఎందుకొచ్చినవని అడగలే. చాన దినాలకు మాట్లాడెతందుకు మనిషి దొరికినట్టు చెప్పుకుంట పోయింది.

"ఈ రూము సంచుల సేటు కిరాయికి తీసుకున్నడు బిడ్డా, ఎన్క తలుపుకెళ్లే రాకపోక. చినిగిన సంచులు కుట్టుడు నా పని. దెయ్యముందని ఎవ్వలు లోపలికి రారు. నాకేం భయం? వస్తే నా కొడుకే గదా వచ్చేది." సంచి అంచు సవరించుకుంట ఆగింది. "ఇరవై మూడేండ్లాయె... ఒక్కనాడు గూడ రాలే."

మిషన్ కింది మూత ఊడిపోయి ఉన్నది. అండ్ల పడ్డ రూపాయి బిళ్ల తీసి ఆమె మల్ల సందుల ఏసింది. టి-టు-టీ-టూ...

"చేతులు నొస్తే దీన్ని పెట్టుకుంట. దీనికోసమేనట గదా వాడు దొంగయింది! అంతగనం ఏమున్నది దీంట్ల అని... ఎంత చూసినా నాకు సమజైతలేదు. ఇట్ల పెడితే అట్ల సచ్చిపోతాన. నీకొస్తదా? జర చూపియ్యి."

మతీన్ లేచి కట్టె పట్టుకున్నడు. చేతులకు అన్ని యాదికున్నయ్. మొదటి వరుస పోయింది. రెండోది పోయింది. యాకమ్మ పక్కన నిలవడి నోరు తెరిచి చూస్తాంది. మూడో వరుసల ఓడలు గిరగిర తిరుక్కుంట దిగంగ, చిన్నపిల్ల లెక్క నవ్వింది.

"ఓయమ్మ... గిట్లనా! గిట్ల పోతదా ఇది!"

ఆ ఎన్క నవ్వు సల్లవడ్డది.

"బాగనే ఉన్నది" అన్నది మెల్లగ. "బాగనే ఉన్నది గాని... దీనికోసం దొంగతనం చేసుడేందిరా కొడకా."

మతీన్ చేతులకెళ్లి కట్టె జారింది.

ఢమ్. ... ఢమ్. ... ఢమ్.

"పెద్దమ్మా, మొగిలి దొంగ కాదు."

"సచ్చిపోయినోళ్లను అందరు గట్లనే అంటరు బిడ్డా."

"కాదు పెద్దమ్మా. ఆ లైటర్ మా ఇంట్లది. తెచ్చింది నేను, కొట్టింది నేను. యాకూబ్ భాయ్ రాంగ చూసి వాని చేతుల పెట్టిన. నీదా అని నన్నడిగిండు... కాదని తల ఊపిన. వాని బుక్కు గూడ నా కాడనే ఉన్నది. అండ్ల బొమ్మలు నావే అని లోకానికి చెప్పుకున్న."

యాకమ్మ కదలలే. మిషన్ మీద చుక్కలు మెల్లగ కిందికి జారుతానయ్. ఆ వెలుగు ఆమె మొఖం మీద పోతాంది, వస్తాంది.



"వాడు నాకు చెప్పిండు" అన్నది.

మతీన్ తల ఎత్తిండు.

"ఆ రాత్రి. వాళ్లయ్య కొట్టి బయటికి పోయినంక, నా పక్కన పండుకోని చెప్పిండు. 'అమ్మా, అది నాది కాదు, మతీన్ ది' అని. నేను నమ్మలే. ఆ పిల్లగాడు నోట్లె నాలుక లేనోడు, వాని మీద ఎందుకేస్తవురా అన్న..." ఆమె తన కుడి చెయ్యి చూసుకున్నది. "అని, నేను గూడ ఒక్కటేసిన. అటు మల్లి పండుకున్నడు. తెల్లారి లేసి చూస్తే లేడు."

మతీన్ ఆమె కాళ్లు పట్టుకోబోయిండు. ఆమె కాళ్లు ఎనుకకు తీసుకున్నది.

"మల్ల చెప్పు."

"పెద్దమ్మా..."

"మల్ల చెప్పు."

మల్ల చెప్పిండు. మొదటినుంచి చివరిదాక. ఈసారి ఏడుస్తనే చెప్పిండు.

"నాకు గాదు" అన్నది యాకమ్మ. "నాకు చెప్తే ఏం లాభం? నాకు వాడే చెప్పిండు గదా. లే."

సంచులు పక్కకు గుంజుడు షురువు చేసింది. గుట్టలకు గుట్టలు. మతీన్ కు ముందు సమజ్ కాలే. సంచుల ఎన్క తుప్పు పట్టిన షట్టర్ కనవడ్డంక సమజయింది. లోపటి గడియను ఆమె రాయితోని కొట్టి ఊడగొట్టింది. ఇద్దరు ఒంగి, అంచు కాడ మట్టి గీకి, కింద చేతులు పెట్టిండ్రు.

బయట ఎట్లున్నదో ఇప్పటికి మహిపాల్ చెప్తడు. ఉప్పలయ్య బండి కట్టుకుంటాండు. ఇద్దరు లారీ డ్రైవర్లు బీడీలు ముట్టించుకుంటాండ్రు. ఆ మనిషి లోపలికి పోయి అర్ధగంటాయె, పోలీసులకు ఫోన్ చేద్దామా వద్దా అని మాట్లాడుకుంటానరు. అప్పుడు — ఇరవై మూడేండ్లసంది లేవని షట్టర్ — గర్రుమన్నది.

దాని అంతట అదే.

జానెడు లేచి ఆగింది. కింద నీలం వెలుగు రోడ్డు మీద పరుచుకున్నది. మల్ల గర్రుమన్నది. మోకాలెత్తు... నడుమెత్తు... దుమ్ము, తుప్పు రాలుతాంటే అండ్లకెళ్లి తెల్ల జుట్టు ఇరబోసుకున్న తల ఒకటి బయటికొచ్చింది.

డ్రైవర్లిద్దరు లారీ ఎన్కకు ఉరికిండ్రు. ఉప్పలయ్య బండి కిందికి దూరిండు. మహిపాల్ కు ఆటో తాళంచెవి దొరకలే.

"చెప్పు" అన్నది యాకమ్మ, మతీన్ రెక్క పట్టుకోని రోడ్డు మీదికి గుంజి. "గట్టిగ చెప్పు."

మతీన్ చెప్పిండు. రోడ్డు నడుమ నిలవడి, రెండు చేతులు కిందికేసి, గొంతు చినిగిపోయేటట్టు చెప్పిండు. మొగిలి దొంగ కాదు. దొంగను నేను. లైటర్ నాది. వాని చేతుల పెట్టింది నేను. అబద్ధమాడింది నేను. ఇండ్లల్ల లైట్లు ముట్టినయ్, కిటికీలు తెరుచుకున్నయ్. యాకమ్మ 'మల్ల' అన్నప్పుడల్ల మల్ల చెప్పిండు.

శుక్రవారం గేమ్ రాలే. నెలన్నర ఆలస్యంగ వచ్చినప్పుడు తయారు చేసినోళ్ల పేర్ల జాగల ముందుగాల మొగిలి పేరే వచ్చింది. ఐమన్ కు గూడ అంత చెప్పుకున్నడు. అవన్ని తర్వాతి సంగతులు.

ఆ రాత్రి, మతీన్ చెప్పుడు అయిపోయినంక, ఉప్పలయ్య బండి కిందికెళ్లి మెల్లగ లేచిండు. ముసలామె దెయ్యం కాదని నమ్మకం కుదిరినంక, దుమ్ము దులుపుకుంట అడిగిండు —

"అవ్వా... మొగిలంటే ఎవరు?"

యాకమ్మ వచ్చి బెంచి మీద కూసున్నది. జుట్టు ముడేసుకున్నది.

"నా కొడుకు" అన్నది. "చెప్త. ఛాయ్ పొయ్యి."

డ్రైవర్లు లారీ ఎన్కకెళ్లి వచ్చి ఆమె ముంగట నేల మీద కూసున్నరు. మహిపాల్ కూసున్నడు. ఆమె మొగిలి పుట్టిన కాడికెళ్లి షురువు చేసింది.

మతీన్ అక్కన్నే, రోడ్డు నడుమ నిలవడి ఉన్నడు. ఎవ్వలు కూసొమ్మనలే. పొమ్మని గూడ అనలే.